ఎనిమిది అట్టలు

మా అమ్మాయి త్రిపుర తొలి కాన్పుకి మా యింటికి వచ్చినప్పుడు నేను భయపడవలసినవన్నీ వరసగా భయపడ్డాను. బొబ్బిలి నుంచి వచ్చే బస్సు కుదుపులకి ఏమవుతుందోనని భయపడ్డాను. వచ్చాక పాదాలు చూసి, వాచాయేమోనని భయపడ్డాను. వాపు లేదని మంత్రసాని అచ్చియ్యమ్మ చెబితే, ఉండవలసిన వాపు ఎందుకు లేదా అని భయపడ్డాను. మావారు అనంతరామయ్యగారు చోడవరం కోర్టులో ఒక ప్లీడరుగారి దగ్గర గుమాస్తా. "నీ భయాలకి నెంబర్లు వేసి కట్టలు కడితే మా ప్లీడరుగారి బీరువా చాలదే దుర్గా" అనేవారు.

ఆ కట్టల్లో ఎక్కడా త్రిపుర కాగితాల సంగతి లేదు.

నేను అయిదో తరగతితో బడి మానేశాను. అయినా చదవడం మానలేదు. మా వీధిలో వారపత్రిక తెప్పించేవి నాలుగిళ్ళు. ఏ ఇంటికి వచ్చినా సాయంత్రానికి అది మా ఇంటికి చేరేది. సీరియల్ నవల పూర్తయిందంటే ఆ పేజీలన్నీ విడదీసి నా దగ్గరికి తెచ్చేవారు. వాటిని వరసలో పెట్టి, దబ్బనంతో బెజ్జాలు పొడిచి, గట్టి దారంతో కుట్టి, అట్ట వేసి పుస్తకం చేసి ఇవ్వడం నా పని. మా నాన్నగారు పాత పంచాంగాలు అలా కుట్టుకునేవారు, ఆయన దగ్గర చూసి నేర్చుకున్నాను.

అట్ట నేనే తయారు చేసేదాన్ని. ఏడు కాగితాలు ఒకదాని మీద ఒకటి మైదా జిగురుతో అంటించాలి. పురుగు పట్టకుండా జిగురులో చిటికెడు మైలతుత్తం వెయ్యాలి. పైన సన్నికల్లు బరువు పెట్టి నాలుగు రోజులు నీడన ఆరనిస్తే చెక్కలా బిగుస్తుంది. దానికి పాత చీర ముక్క తొడిగితే పదేళ్ళు చెక్కు చెదరదు.

కాగితానికి మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. మావారు కోర్టులో పనికిరాని దావా నకళ్ళు తెచ్చేవారు, ఒకవైపు రాసినవి. రెండో వైపు తెల్లగా ఉన్నంతకాలం అవి ఇంటి వాడకానికి. ఆయన చిత్తు రాసుకోవడానికీ, ఉత్తరాలకీ. రెండువైపులా నిండిపోతే అట్టలకి. అన్నీ వరండా గది గూట్లో ఒకటే దొంతరగా ఉండేవి. అట్ట వెయ్యవలసి వచ్చినప్పుడు నేను దొంతర తిరగేసి, రెండువైపులా సిరా కనిపించినవి ఏరుకునేదాన్ని. ఏం రాసి ఉందో చదివేదాన్ని కాదు. కోర్టు కాగితం చదివితే అందులో ఎవరి ఇల్లో జప్తయి ఉంటుంది, ఎవరో అన్నదమ్ములు తలలు పగలగొట్టుకుని ఉంటారు. అది చదివిన రోజు నాకు అన్నం దిగేది కాదు.

త్రిపుర వచ్చిన మూడో రోజునే కలం పట్టుకుని కనిపించింది.

"ఏమిటే ఆ రాత?"

"ఉత్తరమమ్మా."

"మీ ఆయనకి నిన్ననే రాసేవు కదే?"

"ఇవాళ ఇంకోటి రాస్తున్నాను. తప్పా?"

"తప్పని కాదే. అలా వంగి కూర్చోకు, బిడ్డ మెడకి పేగు చుట్టుకుంటుంది. మా పినతల్లి కూతురు ఇలాగే అల్లిక ముందేసుకుని కూర్చునీ..."

"అమ్మా, ఆ సంగతి నువ్వు నాకు ఆరుసార్లు చెప్పేవు. చెప్పినప్పుడల్లా ఒక చుట్టు పెరుగుతోంది."

నేను నవ్వలేదు. ఆ మధ్యాహ్నం అది కునుకు తీస్తుంటే కలం తీసి బియ్యం డబ్బాలో దాచేశాను. మర్నాడు తండ్రి ఇంకో కలం తెచ్చి ఇచ్చారు. దాన్ని కూడా దాచాను. ఆ తరవాత త్రిపుర నా కళ్ళబడేలా రాయడం మానేసింది. పిల్ల నా మాట విందనుకున్నాను. వినాయకుడి గుడికి వెళ్ళి కొబ్బరికాయ కూడా కొట్టి వచ్చాను.

తొమ్మిదో నెల వచ్చింది. పురుడు వచ్చిందంటే పదకొండు రోజులు నేనేదీ ముట్టుకోకూడదు. ఆపైన బాలింత పత్యం, పసిబిడ్డ. మరేదైనా జరగరానిది జరిగితే అన్న మాట పైకి అనలేదు గాని, పరాయివాళ్ళ పుస్తకాలు నా ఇంట్లో మిగిలిపోకూడదని మాత్రం గట్టిగా అనిపించింది. నా దగ్గర నాలుగు పుస్తకాల పేజీలున్నాయి. రెండు పక్కింటి రాజ్యానివి, ఒకటి గణపతిరావు మాస్టారిది, ఒకటి మాడుగులలో ఉన్న మా ఆడపడుచుది.

అక్టోబరు చివర్లో ఒకరోజు తండ్రీ కూతుళ్ళు ఉదయం బస్సుకి అనకాపల్లి వెళ్ళారు, లేడీ డాక్టరుకి చూపించుకోవడానికి. వాళ్ళు తిరిగి వచ్చేదాకా నా ప్రాణం నిలవదు. చేతులు ఖాళీగా ఉంటే బుర్ర అసలే ఊరుకోదు. జిగురు కాచి గూటి ముందు కూర్చున్నాను. నాలుగు పుస్తకాలకి ఎనిమిది అట్టలు కావాలి, అంటే యాభయ్యారు కాగితాలు. ఆ రోజు రెండువైపులా నిండినవి ఎప్పుడూ లేనన్ని దొరికాయి. నా తొందర చూసి దేవుడే సర్దిపెట్టాడనుకున్నాను. కళ్ళజోడుకి జిగురంటుతుందని తీసి కిటికీలో పెట్టాను. కోర్టు కాగితం వారపత్రిక కన్నా పొడుగు. అందుకని ప్రతి కాగితానికీ అడుగున మూడువేళ్ళ మేర కత్తితో కోసేశాను. ఆ ముక్కలు మర్నాడు పొయ్యి అంటించడానికి పనికివచ్చాయి.

వాళ్ళు సాయంత్రం క్షేమంగా వచ్చారు. బిడ్డ బాగుందని డాక్టరు చెప్పిందన్నారు. అయిదో రోజుకి అట్టలు ఆరాయి. పుస్తకాలు కుట్టి ఎవరివి వాళ్ళకి పంపించేసి, నెత్తిమీద బరువు దిగినట్టు నిట్టూర్చాను. ఆ రోజుల్లో త్రిపుర గూటివేపు వెళ్ళనే లేదు. ఎందుకు వెళ్ళలేదో తరవాత తెలిసింది. దాని పని అయిపోయింది.

నవంబరు ఆరో తారీకున పోస్టుమేన్ దాసు గుమ్మంలో నిలబడి, "అమ్మాయిగోరికి మద్రాసు నుంచి కార్డండి" అన్నాడు.

మద్రాసులో మాకెవరూ లేరు. ఎవరికో ఏదో అయిందనుకున్నాను. త్రిపుర పొట్ట పట్టుకుని పరుగులాంటి నడకతో వచ్చి కార్డు లాక్కుంది. చదివి, ఒక్క క్షణం గోడకి ఆనుకుని, పకపకా నవ్వింది.

"అమ్మా, విను. 'మీరు పంపిన నాలుగు ప్రకరణాలూ చదివాము, బాగున్నాయి. తక్కినది సిద్ధంగా ఉంటే నవంబరు నెలాఖరులోగా పంపండి. జనవరి నుంచి ప్రారంభించే ఉద్దేశం ఉంది. పూర్తికాని నవలను మేము మొదలుపెట్టము.' పత్రిక సంపాదకుడమ్మా! స్వయంగా సంతకం పెట్టేడు."

"నవలేమిటి? ఎవరు రాసేరు?"

"నేనే."

"ఎప్పుడు?"

"నువ్వు పప్పు రుబ్బుతున్నప్పుడు. స్నానానికి వెళ్ళినప్పుడు. అచ్చియ్యమ్మతో నా కాళ్ళ గురించి మాటాడుతున్నప్పుడు. పద్నాలుగు ప్రకరణాలమ్మా. అనకాపల్లి వెళ్ళేమే, దాని ముందురోజే ఆఖరి మాట రాసేను."

నాకు మొదట తోచింది దాని అత్తగారు. "అయ్యో, మీ అత్తగారికి తెలిస్తేనే?"

"అచ్చులో పడ్డాక తెలియనీ. అప్పుడేం చేస్తారు? ఆ ఇంట్లో పదకొండు మందిమమ్మా. కలం పట్టుకుంటే ఎవరికి రాస్తున్నావు, ఏం రాస్తున్నావని ఒకరి తరవాత ఒకరు వచ్చి తొంగి చూస్తారు. రేపు చంటిపిల్ల కూడా ఉంటే ఇంక చెప్పనే అక్కర్లేదు. నాకు దొరికినవి ఈ మూడు నెలలే. దొరికేయి, రాసేసేను." ఇంకా నవ్వుతూనే గూటి దగ్గరికి వెళ్ళింది.

దొంతర దించింది. తిరగేసింది. మళ్ళీ తిరగేసింది.

"అమ్మా, ఇందులో కాగితాలేవి?"

"ఏ కాగితాలు? ఒకవైపు తెల్లగా ఉన్నవి అలాగే ఉన్నాయి కదే. రెండువైపులా రాసినవి అట్టలకి..."

అప్పుడు తట్టింది. త్రిపురది తండ్రి దస్తూరీ. చిన్నప్పుడు ఆయనే పలక మీద దిద్దబెట్టారు. 'శ' రాసినా, 'క్ష' రాసినా ఎవరిది ఏదో కళ్ళజోడు ఉన్నా నేను చెప్పలేను. నేను కలాలు దాచేస్తున్నానని, నేను చూడని చోటు వెతుక్కుని, నేను చదవని కోర్టు కాగితాల తెల్లవైపున అది తన నవల రాసి దాచుకుంది.

త్రిపుర నేలమీద కూర్చుండిపోయింది.

"నొప్పులా?" అన్నాను.

"కాదు."

"నడుమా?"

"కాదమ్మా." దొంతర అడుగు నుంచి నాలుగు కాగితాలు తీసింది. నేను ఏరగా మిగిలినవి అవే. "ఒక్క వాక్యం చదవలేదా? ఎక్కడైనా ఒక్క వాక్యం?"

"మీ నాన్న చిత్తు అనుకున్నాను తల్లీ."

అది నన్ను తిడుతుందని చూశాను. తిట్టి ఉంటే బాగుండేది. తండ్రి లాగే గొంతు తగ్గించి, "ఏ పుస్తకం ఎక్కడుందో చెప్పు" అంది.

రాజ్యం ఇంటికి నేనే వెళ్ళాను. రాజ్యం భర్త బస్సు కంపెనీలో టిక్కెట్లు రాసే ఆసామి. ఆవిడ అరుగు మీద కూర్చుని ఆ పుస్తకమే చదువుతోంది.

"ఓలమ్మ! అట్ట పీకేత్తారేటి అమ్మగోరూ? ఇంత సక్కటి అట్టని? దీనిమీద ఆకేసుకుని బోజనం సెయ్యొచ్చని మా ఆయన అంతన్నాడు."

"కొత్తది వేసి ఇస్తానే రాజ్యం. మా అమ్మాయి కాగితాలు పొరపాటున అందులో పడిపోయేయి."

రాజ్యం గుండెమీద చెయ్యి వేసుకుంది. "పొలం కాగితాలా?"

"కాదు. అది రాసుకున్నవి."

"హమ్మయ్య! సంపేసేరు కదమ్మా. పొలం కాగితాలయితే కొంప మునిగిపోను. రాసుకున్నవే కదా, మళ్ళీ రాసుకుంటాది."

 ఒక గంట క్రితం అయితే నేనూ అదే అనేదాన్ని.

"ఇయ్యి అయితే ఇచ్చెత్తాను గాని, ఒకదాంట్లో మజ్జిలో ఉన్నానమ్మగోరూ. ఆ గుంట అత్తోరింటికి ఎల్తాదో ఎల్లదో తెలకుండా నాను వంట సెయ్యలేను. మీరు అట్ట పీక్కోండి, పేజీలు నాకిచ్చీండి." అక్కడే నిలబడి, నేను దారం తెంపి అట్టలు ఊడదీసేదాకా చూసి, పేజీలు తీసుకుని వెళ్ళిపోయింది.

గణపతిరావు మాస్టారు తన పుస్తకం తానే పట్టుకు వచ్చారు. ఆయన బళ్ళో తెలుగు చెప్పేవారు, త్రిపురకి కూడా చెప్పారు. "రెండో ప్రతి లేదా తల్లీ?" అని అడిగారు. త్రిపుర తల అడ్డంగా ఊపింది. "తప్పు కదూ? నేను క్లాసులో ఎన్నిసార్లు చెప్పేను?" అని, దాని ముఖం చూసి, ఉత్తరీయంతో కళ్ళజోడు తుడుచుకుంటూ వెళ్ళిపోయారు.

మాడుగులకి మావారు వెళ్ళారు. ఆ సాయంత్రం బస్సు దిగేటప్పటికి ఆయన చేతిలో ఒక పొట్లం ఉంది. నేను గుమ్మంలోంచే చూశాను, పుస్తకం ఆకారంలో లేదు.

"పుస్తకం వాళ్ళల్లుడు చదవడానికి పట్టుకెళ్ళేడుట. అతనికి ఏజెన్సీ కొండల్లో ఉద్యోగం. సంక్రాంతికి గాని దిగడుట. ఇది మా చెల్లెలు ఇచ్చింది, కడుపుతో ఉన్న పిల్లకి పెట్టమని." హల్వా పొట్లం బల్లమీద పెట్టి, చొక్కా విప్పకుండానే కూర్చున్నారు. ఎవరం దాన్ని విప్పలేదు. రెండు రోజులకి చీమలు పట్టాయి.

చేతికి వచ్చినవి ఆరు అట్టలు. నలభై రెండు కాగితాలు.

నా జిగురు మంచి జిగురు. ఊరందరూ మెచ్చుకున్నది అందుకే. మొదటి అట్ట నీళ్ళలో నానబెట్టబోతే త్రిపుర చెయ్యి పట్టుకుంది, సిరా కరిగిపోతుందని. అన్నం గిన్నె మూత తీసి ఆవిరి మీద పట్టాం. అంచు కాస్త మెత్తబడింది. చాకు మొన దూర్చి లాగితే కాగితం సగం వచ్చింది, సగం కింది కాగితానికే ఉండిపోయింది. ఇంకోటి పూర్తిగా వచ్చింది గాని, దాని అక్షరాలు దానికి లేవు. కిందిదాని మీద తిరగబడి అచ్చయ్యాయి. త్రిపుర అద్దం తెచ్చి దాని ముందు పెట్టి, అందులో చూసి చదివింది.

"'చిన్నమ్మి గానుగ దగ్గరికి వచ్చేసరికి...' తరవాత ఏదో ఉంది. '...అన్న నడిచి వెళ్ళిన దారి...' ఇక్కడ నువ్వు కోసేసేవమ్మా. అడుగున నాలుగు వరసలు లేవు. ఆ ముక్కలేవి?"

"పొయ్యిలో పెట్టేను" అన్నాను.

త్రిపుర ఇంకో అట్ట అందుకుంది.

పెద్ద పనులన్నీ మానేసి మూడు రోజులు అదే చేశాం. కాగితాలు ఏ వరసలో అంటించానో నాకు గుర్తులేదు. పదకొండో ప్రకరణం పక్కన అయిదోది ఉండేది. మూడో రోజుకి మొత్తంగా చదవడానికి వీలైనవి తొమ్మిది మిగిలాయి. తక్కినవన్నీ నీలం మరకల ముద్దలు. మైలతుత్తం వల్ల పురుగు మాత్రం పట్టలేదు.

"ఇంక చాలమ్మా" అంది త్రిపుర. "మళ్ళీ రాస్తాను. ఇంకా ఇరవై రోజులుంది కదా."

కాని కూర్చోలేకపోయింది. బిడ్డ బాగా కిందికి దిగింది. పది నిమిషాలు కూర్చుంటే నడుము పట్టేసేది. ఎడమవేపు తిరిగి పడుకుని చెబుతాను, ఎవరైనా రాయండి అంది. మొదట మావారు కోర్టు నుంచి వచ్చాక కూర్చున్నారు. ముప్ఫయ్యేళ్ళు దావాలు రాసిన చెయ్యి. పిల్ల ఒకటి చెబితే ఆయన చేతిలోంచి 'సదరు చిన్నమ్మి' అని వచ్చేది. "నాన్నా, మీరు చిన్నమ్మి మీద కేసు పెట్టేసేరు" అంది త్రిపుర. ఆయన నవ్వి, కొట్టేసి, కిందనే మళ్ళీ 'పైన చెప్పబడిన' అని రాశారు.

అందుకని నేను కూర్చున్నాను. ఏ చేత్తో కలాలు దాచానో ఆ చేత్తోనే రాస్తానన్నాను. నా అక్షరాలు చిక్కుడు గింజలంత ఉంటాయి. ఒక్కో ఒత్తుకీ ఆగి ఆలోచించాలి. నేను ఒక వాక్యం పూర్తి చేసేసరికి అది తరవాతి రెండూ మరిచిపోయేది.

"నువ్వా గుడి దీర్ఘం ఇచ్చేలోపు చిన్నమ్మి వీధి దాటి వెళ్ళిపోయిందమ్మా" అనేది అలసిపోయి. అయినా చెప్పేది. నేను రాసేదాన్ని. రోజుకి మూడు పేజీలు, నాలుగు పేజీలు.

చిన్నమ్మి చెరుకు గానుగ దగ్గర పనిచేసే పిల్ల. దాని అన్న మన్యంలోకి కలప కొట్టడానికి వెళతాడు. ఆ అన్న కోసమే అది చదువు నేర్చుకుంటుంది, ఎప్పుడైనా అతని దగ్గర్నుంచి ఉత్తరం వస్తే ఎవరిచేతా చదివించుకోకుండా తానే చదువుకోవాలని. రాస్తూ రాస్తూ నాకు ఆ పిల్లంటే మనసు కరిగిపోయింది. నా కూతురి కడుపులో ఇంత ఉందని నాకు తెలియదు. తెలిసేటప్పటికి అంటించేశాను.

ఎనిమిదో ప్రకరణంలో ఉత్తరం వచ్చింది.

"'మీ అన్న చలిజ్వరంతో పోయాడు' అని రాయి."

నేను రాయలేదు.

"అమ్మా."

"నిండు నెలల్లో ఆ మాట నీ నోటంట రాకూడదే."

"అది నవలమ్మా."

"నవలైతే మాత్రం? ఆ అబ్బాయిని పురుడయ్యేక పోగొట్టుకోవే. పది రోజులు బతకనీ."

"పది రోజుల్లో గడువైపోతుంది."

"నా వల్ల కాదు త్రిపురా. నా చేత్తో రాస్తే, ఏదైనా అయితే నేను బతకలేను."

 అది నవ్వింది. కార్డు వచ్చిన రోజు తరవాత నవ్వడం అదే. "సరే, రెండు వరసలు ఖాళీ వదిలెయ్. నేను తరవాత పూరించుకుంటాను" అంది. వదిలేశాను. కాని ఆ తరవాత జరిగేదంతా ఆ చావు మీదే ఉంది. మర్నాడు మళ్ళీ ఖాళీ వదలవలసి వచ్చింది. చిన్నమ్మి ఏడవాలి, ఖాళీ. మైలబట్టలు, ఖాళీ. వదినె బొట్టు, ఖాళీ. నా అక్షరాల కన్నా నా ఖాళీలు ఎక్కువయ్యాయి. నాకు తెలుస్తూనే ఉంది ఇది ఎటూ కాకుండా పోతోందని. కలం కాగితం మీద పెట్టేదాన్ని, చెయ్యి కదిలేది కాదు. మావారిని రాయమందామంటే, ఆయన ఆ వారమంతా ప్లీడరుగారితో విశాఖపట్నం కోర్టులో ఉన్నారు.

ఇరవయ్యో తారీకు తెల్లవారుజామున త్రిపురకి నొప్పులొచ్చాయి. రెండు గంటల్లో ఆడపిల్ల పుట్టింది. పేగు మెడకి చుట్టుకోలేదు. ఎక్కడా ఏ అడ్డూ రాలేదు.

"ఏటమ్మగోరూ, ఇంత సులువు కాన్పు నాను సూడనేదు" అంది అచ్చియ్యమ్మ బిడ్డని తుడుస్తూ. "మూడు నెలలబట్టి మీరు ఏడిసిన ఏడుపు ఏటి, ఇదేటి? ఆ ఏడుపేదో దాసుకుంటే దేనికేనా పనికొచ్చును కదా!"

పదకొండో రోజు పురిటి స్నానం నవంబరు ముప్ఫైన అయింది. చుట్టాలొచ్చారు, బిడ్డ ముక్కు ఎవరిదని వాదించుకున్నారు. త్రిపుర తల తడితో, సాంబ్రాణి పొగలో కూర్చుని ఉంది. ఆ రోజు తారీకు ఎంతో దానికి తెలుసు, నాకు తెలుసు. 

ఆ తరవాత నేనే బలవంతం చేశాను. "గడువు దాటితే దాటింది, ముందు రాయవే. నేను పిల్లని చూస్తాను" అని కలం చేతిలో పెట్టాను. పిల్లని ఎత్తుకుని పెరట్లో తిరిగాను. అది తల్లి ఒడిలో తప్ప ఎవరి దగ్గరా ఆగేది కాదు. గుక్కపట్టి ఏడిస్తే ఊపిరి ఆగిపోతుందేమోనని నాకు భయం. తీసుకువెళ్ళి తల్లికి ఇచ్చేసేదాన్ని. అలా ఎన్ని రోజులో. ఒకసారి పిల్ల ఎందుకో రెండు గంటలు నిద్రపోయింది. త్రిపుర ఒక పేజీ రాసి, చదువుకుని, మడిచి పక్కన పెట్టింది.

"ఇది అది కాదమ్మా. మాటలు అవే పెడుతున్నాను. అప్పుడు వాటంతట అవే వచ్చేయి. ఇప్పుడు నేను ఈడ్చుకొస్తున్నాను."

"మరోసారి చూడవే."

"చూస్తాను" అంది. చూడలేదు.

సంక్రాంతి వెళ్ళాక ఏజెన్సీ నుంచి అల్లుడుగారు దిగారని మాడుగుల నుంచి కబురొచ్చింది. పుస్తకం మన్యంలో వానకి తడిసి అట్టలు ఊడితే అక్కడే పారేశాడట.

అయిదో నెలలో తీసుకువెళతారనుకుంటే మూడో నెలలోనే మా అల్లుడు వచ్చాడు, వాళ్ళ నాన్నగారికి ఒంట్లో బాగులేదని. నేను ఆ తొమ్మిది కాగితాలూ, గూట్లో మిగిలిన నాలుగూ, నా చిక్కుడుగింజల పేజీలూ ఒక గుడ్డలో కట్టి త్రిపుర పెట్టెలో బట్టల కింద పెట్టాను. అది వెతికి తీసి మంచం మీద పెట్టింది.

"అక్కడ ఎక్కడ దాచుకోనమ్మా? నీ దగ్గరే ఉండనీ."

"నా దగ్గరా?" అన్నాను.

అది నా భుజం మీద చెయ్యి వేసింది. అంతే. బస్సు కదిలాక కిటికీలోంచి పిల్ల చెయ్యి ఎత్తి ఊపింది.

నెల రోజులు నేను ఆ మూటని ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చాను. గూట్లో పెట్టలేను. పెట్టెలో పెడితే చెద పడుతుందేమోనని భయం. అప్పుడు గుర్తొచ్చింది. మొదటి నాలుగు ప్రకరణాలు మద్రాసులో ఉన్నాయి. చిరగకుండా, మరక పడకుండా ఉన్నవి అవి ఒక్కటే. వాటినయినా తెప్పించాలనుకున్నాను. మావారు రాస్తే 'సదరు' అని వస్తుంది. నేనే రాశాను, నాలుగు రోజులు పట్టింది.

'అయ్యా, నమస్కారములు. బాలాత్రిపురసుందరి నా కూతురు. నవల పంపమని మీరు కార్డు రాశారు. పంపలేదని దాన్ని మాట తప్పిన మనిషి అనుకోవద్దు. అది నవల పూర్తిగా రాసింది. పద్నాలుగు ప్రకరణాలు. నేను తెలియక పుస్తకాల అట్టలకి వాడేశాను. ఎంత పీకినా రాలేదు. తిరిగి రాద్దామంటే బిడ్డ పుట్టింది. ఇందులో దాని తప్పు ఏమీ లేదు. అందులో చిన్నమ్మి అనే పిల్ల చాలా మంచిది. మీ దగ్గర ఉన్న నాలుగు ప్రకరణాలు దయచేసి తిప్పి పంపండి. ఇట్లు, దుర్గాంబ.'

స్టాంపులు జతపరచని రచనలు తిప్పి పంపబడవని పత్రికలో ప్రతి వారం వేస్తారు. అది గుర్తుంచుకుని, తిరుగు టపాకి సరిపడా స్టాంపులు కవరులో పెట్టాను. ఒకవేళ చాలకపోతేనో అని రెండు ఎక్కువే పెట్టాను.

నలభై రోజులకి దాసు ఒక కవరు తెచ్చి ఇచ్చాడు. పల్చగా ఉంది. అందులో నా ఉత్తరమే ఉంది. దానికి గుండుసూదితో ఒక అచ్చు చీటీ గుచ్చి ఉంది.

'మీ రచన అందినది. ప్రచురణకు స్వీకరించలేకపోతున్నందుకు చింతిస్తున్నాము.'

అప్పుడు త్రిపుర ఆ నాలుగు ప్రకరణాలతో స్టాంపులు పెట్టిందో లేదో, పెట్టకపోతే వాటిని చింపేశారో నాకు తెలియదు. అడుగుదామంటే బొబ్బిలికి వెళ్ళే ఉత్తరాలు ముందు వాళ్ళత్తగారు చదువుతారు.

మావారు చీటీ తిప్పి వెనక ఏమైనా ఉందేమోనని చూశారు. ఏమీ లేదు. "కథనుకున్నారే దుర్గా" అన్నారు. నవ్వబోయి, మానేశారు. "మళ్ళీ రాసి చూడు."

నేను కళ్ళజోడు పెట్టుకుని నా ఉత్తరం మొదటి నుంచి చివరిదాకా చదివాను. మళ్ళీ చదివాను. అందులో కథలా ఏముందో నాకు కనిపించలేదు. అంతా జరిగిందే రాశాను. ఇంకెలా రాస్తే నిజమని తెలుస్తుందో నాకు తెలియదు.